బకెట్ అడుగున ఫోమ్ ముక్క

మా బావ సోమలింగానికి నీళ్లంటే భయం. మామూలు భయం కాదు. రెండు వేల ఆరులో సూరత్‌లో తాపీ నది పొంగినప్పుడు మా అక్క బాలవ్వతో కలిసి నాలుగు రోజులు మగ్గాల షెడ్డు రేకుల మీద కూర్చున్నాడు. అప్పటినుంచి స్నానం చెంబుతోనే. షవర్ కిందికి తల పెట్టడు. అలాంటి మనిషికి పడవ బాగుచేసే పని అప్పగించింది ఇక్కడి మా తెలుగువాళ్ల సంఘం. వాళ్ల బుద్ధికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సిరిసిల్ల పక్క పల్లె నుంచి పదిహేడేళ్ల వయసులో సూరత్ వచ్చాడు బావ. కొన్నాళ్లు మగ్గం నడిపి, తర్వాత మగ్గాల చెక్కపని నేర్చుకున్నాడు. మేముండే జోల్వా పేటలో ఏ మగ్గానికి చెక్క విరిగినా ఆయనకే ఫోన్ వస్తుంది. చెక్కపని చేసేవాడు ఎవరంటే అందరూ ఆయన వైపే చూశారు.

ఆ పడవ ఫైబర్‌ది. మళ్లీ వరద వస్తే పనికొస్తుందని సంఘం కొన్నది. మా గల్లీ చివర వానకు నానుతూ, ఎండకు ఎండుతూ పడి ఉంటుంది. ఏడాదికి ఒక్కరోజు, సద్దుల బతుకమ్మనాడు, ఆడవాళ్లను తాపీ నడుమకు తీసుకుపోయి పూలు వదిలిస్తాం. పోయినేడు ఒకావిడ కాలు లోపల పరిచిన చెక్క పలకలో మోకాలి దాకా దిగబడింది. విప్పి చూస్తే పలకంతా పుచ్చి పిప్పిపిప్పి. దాని కింద, పడవ అడుగున, వెంట్రుకంత పగులు. కొత్త పలక వేసి, కింది ఖాళీలో ఫోమ్ కూరితే నీళ్లు ఊరినా పడవ మునగదని ఎవరో చెప్పారు. మునగదన్న మాట విన్నాకే బావ ఒప్పుకున్నాడు.

ఫోమ్ కోసం నన్ను సలాబత్‌పురా బజారుకు వెంటబెట్టుకుపోయాడు. దుకాణం ఆయన గట్టి రకం ఒకటి తీసి, పడవకైతే ఇదే అని గుజరాతీలో ఏదో చెప్పబోయాడు. బావ వినలేదు. బట్టను చూసినట్టే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు.

"సెకండ్ మాల్ ఉమాకాంత్. గరగర అంటున్నది," అన్నాడు.

పక్కనున్న మెత్తటిది నొక్కి వదిలితే పువ్వులా లేచింది. నేనూ నొక్కాను. నేనూ తలూపాను. ముప్పై ఏళ్లు బట్టలో బతికిన చేతులు కదా, మాకు ఎవడు చెప్పాలి! అమ్ముడుపోని సరుకు మాకు అంటగడుతున్నాడని దారంతా నవ్వుకున్నాం కూడా.

పని మాత్రం ముచ్చటగా చేశాడు. పలకకు పలక కలిసిన చోట దారం దూరదు. పండుగకు రెండు రోజుల ముందే పడవను నీళ్లలోకి దించి ఘాట్ దగ్గర కట్టేశారు.

పండుగ సాయంత్రం ఆడవాళ్లంతా నదికి పోయారు. బావ మాత్రం పోడు కదా, తోడుగా కూర్చుందామని వాళ్లింటికి పోయాను. చేతులు కడుక్కుందామని పెరట్లో బకెట్‌లో చెయ్యి పెట్టాను. అడుగున ఏదో మెత్తగా తగిలింది. మిగిలిన ఫోమ్ ముక్క. గిన్నెలు తోమడానికి అక్క వేసుకున్నట్టుంది. పైకి లాగితే మణికట్టు గుంజింది. నీళ్లన్నీ దానితోపాటే లేచాయి.

బావ వాకిట్లోంచి చూశాడు. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. పగులులోంచి రెండు రోజులుగా ఊరిన నీళ్లను ఆ ఫోమ్ తాగుతూ కూర్చుంది.  బాలవ్వ ఎక్కిందా అని బావ అడిగాడు. ఎక్కే ఉంటుందన్నాను. బావను వెనక ఎక్కించుకొని స్కూటర్ ఉరికించాను.

ఘాట్‌కు చేరేసరికి పడవ నది నడుమ ఉంది. ఎనిమిదిమంది ఆడవాళ్లు, తెడ్డు వేస్తున్న మల్లేష్ అనే మగ్గం కార్మికుడు. పడవ అంచుకూ నీళ్లకూ మధ్య జానెడు కూడా లేదు. వెనక కూర్చున్న అక్క వైపు ఇంకా కిందికి వంగి ఉంది. పాట ఇవతలికి వినిపిస్తోంది. నేను కేక వేయబోయాను. బావ నా నోరు మూశాడు.

"ఒర్లకు. అందరు ఒక్కసారే లేస్తరు. బోల్తా కొడ్తది."

తర్వాత గొంతు సవరించుకొని, బజారుకు పోతూ పిలిచినట్టు పిలిచాడు. "బాలవ్వా, పసుపు గౌరమ్మ పళ్లెం గట్టు మీదనే మరిచిన్రు. జర వచ్చి తీస్కపోన్రి."

గౌరమ్మ లేకుండా మావాళ్లు బతుకమ్మను వదలరు. మల్లేష్ పడవ తిప్పాడు. ఆ గొంతు ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో గానీ, నా భుజం మీద ఆయన గోళ్లు దిగబడిపోయాయి. తెడ్డు పడ్డప్పుడల్లా నీళ్లు అంచును తాకుతున్నాయి. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. ఒక మొక్కు రెండుసార్లు మొక్కాను.

ఇంకా పది బారల దూరం ఉండగానే బావ చెప్పులతోనే మెట్లు దిగాడు. నడుము, ఛాతీ, మెడ. షవర్ కిందికి పోని మనిషి! పడవ ముక్కు పట్టుకొని గట్టుకు లాగాడు. కూర్చున్నవాళ్లను కూర్చున్నట్టే ఒక్కొక్కరినీ జరిగి దిగమన్నాడు. తెడ్డు చిందించిన తడి అనుకొని వాళ్లు చీరలు పిండుకుంటూ దిగారు.

చివరికి అక్క దిగింది. బావ ఇంకా పడవను వదలలేదు, వేళ్లు కొయ్యబారిపోయాయి. నేను ఒక్కొక్క వేలూ విడిపించాను. అప్పుడు మెట్ల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనే ముంచిన, నేనే ముంచిన అంటూ.

అక్క పక్కన కూర్చొని కొంగు తీసింది. దాని కింద ఒళ్లో పసుపు గౌరమ్మ పళ్లెం ఉంది.

"ఎక్కిన జరసేపటికే నా కాళ్ల కింద నీళ్లొచ్చినయ్," అంది. "చెప్తే అందరు లేస్తరని పాట ఆపలే. నువ్వు గౌరమ్మ గట్టు మీదున్నదని పిలవంగనే నీకూ ఎరికైందని సమజై పళ్లెం కొంగు కింద దాచిన. అప్పటిదాంక నేనొక్కదాన్నే భయపడ్డ."