అన్నం వదిలిన రోజు

మొన్న గవర్నర్‌పేటలో ఆటో దిగగానే ఎవరింట్లోంచో ఇంగువ తాలింపు వాసన గుప్పుమంది. మధ్యాహ్నం పన్నెండున్నర. కడుపు కరకరలాడింది. ఆకలి! ఉత్త ఆకలి! రోడ్డు పక్కన నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆకలేస్తే ఇంత సంబరమేమిటని మీకనిపించవచ్చు. వరలక్ష్మిగారి గురించి చెబితే గాని అది అర్థం కాదు.

రెండువేల నాలుగులో ఆ పేటలోనే ఒక బట్టల కొట్టు ఆఫీసులో పనిచేసేదాన్ని. భోజనం వరలక్ష్మిగారి మెస్సులో, ఉండడం ఆ మేడ మీది గదిలో. ఆవిడది మంగళగిరి. భర్త పోయాక ఒంటిచేత్తో మెస్సు నడిపేవారు. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. కింద అందరితో కూర్చుని మామూలుగానే తినేదాన్ని. ఆదివారాలు మాత్రం గది గడియ పెట్టుకుని బ్రెడ్డు, మిక్చరు, కాజాలు, ఏది తెచ్చుకుంటే అది, ఊపిరాడనంతవరకు కుక్కుకునేదాన్ని. ఆపుదామనుకున్నా చెయ్యి ఆగేది కాదు. తర్వాత సిగ్గుతో దిండులో మొహం దాచుకుని ఏడ్చేదాన్ని. ఒక ఆదివారం గడియ వేయడం మరిచాను. కొత్త ఆవకాయ రుచి చూపిద్దామని గిన్నెతో వచ్చిన పిన్నిగారు నా చుట్టూ పడివున్న ఖాళీ పొట్లాలు చూశారు. తిడతారనుకున్నాను. ఆవిడ నా పక్కనే నేల మీద కూర్చున్నారు.

“ఆకలేసిందా అమ్మాయ్?”

“లేదండీ. ఆగలేకపోతున్నాను.”

“ఇన్నేళ్లుగా అన్నం పెడుతున్నా. ఆకలి మొహం నాకు తెలుసు. ఇది ఆకలి కాదు. రేపు డాక్టరు దగ్గరికెళ్దాం.”

తీరా చూస్తే ఆయన మానసిక వైద్యుడు. గుమ్మం దగ్గరే మొరాయించాను. “పిచ్చి డాక్టరా పిన్నిగారూ?”

“నేను బీపీకి మాత్ర మింగట్లేదా? తలకాయ మాత్రం ఒంట్లోది కాదా ఏంటి? నడు.”

డాక్టరుగారు అంతా విని, ఇది తిండిపోతుతనం కాదని, ఒక జబ్బని, మందుందని అన్నారు. ఆ మాట వినగానే గుండెల మీంచి బండ దిగినట్టయింది. నేను చెడ్డదాన్ని కాదన్నమాట! రోజుకో మాత్ర, వేళకు మూడు పూటలా భోజనం, రెండు వారాలకోసారి వచ్చి మాట్లాడడం. అయితే మొదటి వారమంతా వికారం, తలనొప్పి. మూడో ఆదివారం మళ్లీ పొట్లాలు విప్పాను. ఇక మాత్రలు మానేస్తానని వంటింట్లోకెళ్లి చెప్పాను.

పిన్నిగారు పప్పు కుక్కరు వైపు చూపించారు. “ఒక్క కూతకే దించేస్తామా? మానేదీ మార్చేదీ ఆయన చెప్పాలి. పద, అడుగుదాం.”

డాక్టరుగారు మోతాదు సర్దారు. అలా ఇంకో నెల గడిచింది.

ఆ రోజు బుధవారం. పప్పుచారు అన్నం కలుపుకుని సగం తిన్నాను. చెయ్యి దానంతటదే ఆగిపోయింది. ఇంకా తినాలన్న రొద తలలో లేదు. నిశ్శబ్దం! ఎన్నేళ్ల తర్వాతో! అయితే ఆ మెస్సులో విస్తట్లో మెతుకు వదిలితే పిన్నిగారు ఊరుకోరు. ఆవిడ రానే వచ్చారు.

“చాలండీ” అన్నాను భయంభయంగా.

ఆవిడ విస్తరి చూశారు, నా మొహం చూశారు. చేతిలో గరిటె పైకెత్తి, “మా అమ్మాయి అన్నం వదిలేసిందర్రా!” అని మెస్సు దద్దరిల్లేలా అరిచారు.

“నేను వదిలితే తిడతారేంటండీ?” అన్నాడు పక్క బల్ల దగ్గర తింటున్న గుమాస్తా ఒకడు.

“నువ్వు నోర్మూసుకుని తిను!”

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లతో. ఆదివారాలు నాకు తిరిగొచ్చాయి. ఏడాదిన్నరకు డాక్టరుగారే మెల్లమెల్లగా మందు ఆపించారు.

పిన్నిగారు చనిపోయిన ఏడాది ఆ జబ్బు మళ్లీ తలెత్తింది. ఈసారి డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. జనంతో నిండిన హాల్లో, చీటీ రాసే అమ్మాయి సమస్యేమిటని అడిగింది. నేను గొంతు తగ్గించలేదు.

“ఆపుకోలేక తినే జబ్బమ్మా. ఒకసారి మందుతో తగ్గింది. మళ్లీ తగ్గుతుంది, రాసుకో.”