నేను చదవకుండా వదిలేసిన వాక్యం

నా చిన్నప్పుడు దేశనూరులో మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. తుంగభద్ర కాలువ నీళ్లొచ్చి మెట్ట చేలన్నీ వరిమళ్లుగా మారుతున్న రోజులవి. అక్క మా ఊరి తెలుగు బడిలో టీచరు. నాకు అక్షరాలు దిద్దించింది ఆమే.

నాకు పదేళ్లు వచ్చేసరికి ఆమె నడక తడబడసాగింది. కాళ్లు తిమ్మిరెక్కేవి, ఒక కన్ను మసకబారేది. కొన్ని వారాలకు మళ్లీ మామూలుగా తిరిగేది. ఆ మామూలు రోజులే ఆమెకు ఎక్కువ చేటు చేశాయి. నిన్న గోడ పట్టుకుని నడిచిన మనిషి ఈ రోజు బిందె మోస్తే నటన అన్నారు. మళ్లీ పడిపోతే గాలి సోకిందన్నారు. మా అవ్వయితే అది అంటుకునే రోగమని వీధంతా చెప్పి, ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. చాలామంది పిల్లల్ని బడి మాన్పించారు.

బళ్లారి కంటోన్మెంటులో ఒక డాక్టరు అక్కను చూసి మద్రాసుకు పంపాడు. అక్కడ జబ్బు పేరు తేలింది. మల్టిపుల్ స్క్లెరోసిస్. దాని గురించి డాక్టర్లు చెప్పిందంతా అక్క నోటుబుక్కులో తెలుగులో రాసుకొచ్చింది. తల్లులు ఒప్పుకుంటేనే ఉద్యోగం ఉంటుందని బడి పెద్దలు చెప్పడంతో, ఒక ఆదివారం వీధిలోని ఆడవాళ్లందరినీ తన పంచలోకి పిలిచింది. అప్పటికి ఆమెకు అక్షరాలు రెండేసిగా కనిపిస్తున్నాయి. చదవమని పుస్తకం నా చేతికిచ్చింది.

మెదడులో, వెన్నుపాములో నరాలను కప్పి ఉంచే పొర అక్కడక్కడా దెబ్బతినడం వల్ల ఈ జబ్బు వస్తుందని చదివాను. ముదురుతూ, తగ్గుతూ ఉంటుందని, అది నటన కాదని చదివినప్పుడు ఒకరిద్దరు తలలు దించుకున్నారు. పేజీ తిప్పాను. ‘ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు, ఒకే చెంబుతో నీళ్లు తాగినా రాదు’ అని ఉంది. తలెత్తితే ఎదురుగా మా అవ్వ. ఆ మాట చదివితే ఆమెను అందరి ముందూ అబద్ధాలకోరు అన్నట్టే. నా కళ్లు కింది వరుసకు జారిపోయాయి. ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివేశాను.

పుస్తకమంతా అక్కకు కంఠతా వచ్చు. ఇది అంటుకునే జబ్బు కాదని కూడా అందులో ఉందని ఆమే నెమ్మదిగా చెప్పింది.

“ఉంటే పాప చదివుండేది గదా టీచరమ్మా? నీ నోట పుట్టిస్తాండావు” అంది మా అవ్వ.

అక్క నా వైపు చూసింది. ‘ఉండాది’ అని నేను ఒక్క మాటంటే చాలు. అనలేదు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను. అక్క నన్ను నిలదీయలేదు. పాప అలిసిపోయిందని చెప్పి అందరినీ పంపేసింది. ఒక్కరూ ఒప్పుకున్నామని చెప్పలేదు.

నేను ఏడుస్తూ నిలబడితే దగ్గరికి పిలిచింది.

“చదివేటప్పుడు మొగాలు చూడద్దు పాపా. అచ్చరం చూడు” అంది.

ఆ నెలలోనే ఆమెను బడి నుంచి తీసేశారు. చోరనూరు నుంచి ఆమె అన్న వచ్చి బండిలో తీసుకెళ్లాడు. నేను గడప దాటలేదు, మా అవ్వ చెయ్యి పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. అక్క మళ్లీ ఏ బడిలోనూ అడుగుపెట్టలేదని తర్వాత తెలిసింది. తాను చెప్పిందే నిజమనుకుంటూ మా అవ్వ కన్నుమూసింది. ఆమెకు కూడా నేను నిజం చెప్పలేదు.

పెద్దయ్యాక నేనూ టీచరునయ్యాను. ఆ జబ్బు గురించి ఎక్కడ ఏది దొరికినా తెచ్చుకుని, నలుగురు కూడిన చోట చదివి వినిపిస్తూ వచ్చాను. అంటదు అన్న మాట అందులో ఎక్కడున్నా ముందు దాన్నే చదువుతాను. విన్నవాళ్లు నమ్ముతారు కూడా. ఇందరు నమ్ముతున్నకొద్దీ, ఆ పంచలో కూర్చున్న వాళ్లూ నమ్మేవాళ్లేమో అనిపిస్తుంది.