బాన్సువాడ బస్టాండులో జపాన్ గిటార్

కిందటేడు బాన్సువాడ బస్టాండులో బిచ్కుంద బస్సు కోసం కూర్చున్నాను. పక్కనే, పెళ్లి బ్యాండులో వాయించే గోపాల్ అనే తండా మనిషి పాత ఎలక్ట్రిక్ గిటార్ తీగలు బిగిస్తున్నాడు. పాత గిటార్లు సేకరించడం నా పిచ్చి. సరిగ్గా ఈ రకం కోసమే పదేళ్లుగా తిరుగుతున్నాను.

అడిగి చేతికి తీసుకున్నాను. వెనక, మెడ కలిసేచోట ఉన్న ఇనుప పలక మీది రంగును గోటితో గీకితే 'మేడిన్ జపాన్' అన్న అక్షరాలు బయటపడ్డాయి. అరవై ఏళ్ల నాటిది.

"ఏమన్న ఇలువున్నదా అన్న?" అన్నాడు గోపాల్.

నాకు దొరకనిది ఇతనికి దొరికిందని కడుపు మండింది. "మామూలుదే" అన్నాను.

అతను హాయిగా నవ్వాడు. "మంచిగైంది! ఇలువైందేమో, పైలం అని మా బావ ఒక్కటే భయపెడుతుండు. బరాత్‌ల వాయించాలంటే చేతులు వణుకుతుండె. ఇగ ఫికర్ లేదు" అంటూ నాకు చాయ్ కూడా తాగించాడు.

ఆ చాయ్ తాగాక ఇక దాచలేకపోయాను. బస్సెక్కబోతూ నిజం చెప్పేశాను. అది అసలైన జపాన్ గిటార్ అనీ, అమ్మితే చాలా ధర పలుకుతుందనీ.

గోపాల్ మొహంలో నవ్వు పోయింది.

"ముందుగల్ల చెప్పిన మాటే మంచిగుండె అన్న" అన్నాడు.