సేత్తూరు మలుపులో మొరాయించిన స్టీరింగు

ఆ రోజుల్లో నా కారుకు పవర్ స్టీరింగ్ ఉందని రాజపాళయంలో తెలియనివాళ్ళు లేరు. నేనే చెప్పుకుని తిరిగేవాణ్ణి. మొదటి ఉద్యోగం, మొదటి కారు (నాకు మొదటిదే గాని, దానికి నేను ఎన్నో యజమానినో తెలియదు). చక్రం తిప్పినప్పుడల్లా కడుపునొప్పి వచ్చిన దూడలా మూలిగేది. పాత బండి కదా, వయసు మూలుగు అనుకుని పాటల సౌండు పెంచేవాణ్ణి. నాకు తెలిసిన వైద్యం అంతే.

అన్నకు సేత్తూరులో పిల్లను చూడ్డానికి బయల్దేరిన రోజున ఆ మూలుగు కాస్తా ఏడుపయింది. వెనక సీట్లో తెల్ల వేష్టి పంచె నలగకుండా అన్న, అతని పక్కన అమ్మ. ముందు సీట్లో మా అత్త. మెయిన్ రోడ్డు మీద వేగంగా పోతున్నంతసేపూ ఫరవాలేదు. పిల్ల ఇంటి వీధి మలుపు దగ్గర వేగం తగ్గించానో లేదో, చక్రం రాయిలా బిగుసుకుపోయింది. వీధి మొదట్లో పిల్ల తండ్రీ బంధువులూ చేతులు జోడించి నిలబడ్డారు. మావాళ్ళూ చేతులు జోడించారు (నేను తప్ప, నా రెండు చేతులూ చక్రానికి వేలాడుతున్నాయి). కారు నేరుగా వాళ్ళను దాటి వెళ్ళిపోయింది.

"ఏమిరా, ఇల్లు అక్కడ ఉండాది, నువ్వు ఎక్కడ పోతా ఉండావు?" అంది అమ్మ.

"తిరగలేదమ్మా!"

"చుమ్మా తిప్పురా, అదే తిరుగుతుంది," అంటూ అత్త కూడా చక్రం పట్టుకుంది.

ఊరు దాటాక, పెట్రోలు బంకు ఆవరణలో ఇద్దరం గింజుకుని కారును వెనక్కి తిప్పాం. మళ్ళీ మలుపు అందలేదు. ఈసారి వాళ్ళు చేతులు జోడించలేదు. "పిల్ల నచ్చలే అనుకుంటారురా, ఇంకా చూడనే లేదే!" అన్నాడు అన్న, ముందు సీటు పట్టుకుని వంగి. (ఫోటో వచ్చినప్పటినుంచి అతనికి నిద్ర లేదని ఇంట్లో అందరికీ తెలుసు.)

కారు పక్కకు ఆపి బానెట్ ఎత్తాను. చక్రాన్ని తేలిగ్గా తిరగనిచ్చే స్టీరింగ్ ఆయిల్ డబ్బా ఎండిపోయి ఉంది. కింద గొట్టం క్లిప్పు వదులై, చుట్టూ అంతా జిడ్డు. ఇన్నాళ్ళ మూలుగుకు అర్థం అదన్నమాట. ఇంతలో ఒక స్కూటర్ వచ్చి ఆగింది. పట్టుచీర, తలనిండా కనకాంబరాలు. సాక్షాత్తూ పెళ్ళికూతురే!

"ఇష్టం లేదంటే చెప్పి పోవచ్చు కదా, ఎందుకు ఇట్ల మా వీధిని చుట్టుకుంటా ఉండారు?"

"ఇష్టం ఉందండీ, స్టీరింగే లేదు," అన్నాను నేను.

ఆమె బానెట్‌లోకి తొంగిచూసి ఫక్కున నవ్వింది. "అప్పడియా, అట్లనా! అయ్యో పాపం, మా నాయన కోపంతో కాఫీ వద్దని చెప్పేసినారు." స్కూటర్ డిక్కీలోని స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, ఆయిల్ తేవడానికి తనే బజారుకు వెళ్ళింది. క్లిప్పు బిగించి, తెచ్చిన ఆయిల్ పోసి, ఇంజన్ వేసి చక్రాన్ని ఈ చివరికీ ఆ చివరికీ తిప్పుతూ పోతే మూలుగు సన్నగిల్లి ఆగిపోయింది. వేలితో తిప్పినా తిరిగింది! అత్త ఆకాశానికి దండం పెట్టింది. అన్న చూపు మాత్రం స్కూటర్ మీదే ఉంది.

ఇంటికి చేరాక, రద్దయిన కాఫీ మళ్ళీ వచ్చింది. చక్రంతో కుస్తీ పట్టిన నా చేతుల్లో గ్లాసు గడగడా కొట్టుకుంటుంటే, పిల్ల తండ్రి నా భుజం తట్టి, "భయపడవద్దు మాప్పిళ్ళా, మా పిల్ల మంచిది," అన్నారు. పెళ్ళికొడుకును నేను కానని చెప్పే ఓపిక కూడా నాకు లేదు. అన్నే గబుక్కున లేచి, "మాప్పిళ్ళ నేనండీ!" అన్నాడు. ఆ ఇంట్లో అతను పలికిన మొదటి మాట అదే. లోపలినుంచి నవ్వు వినిపించింది. మా అందరి గుండెలూ కుదుటపడ్డాయి. ఆ సంతోషంలో ఇంకో గ్లాసు కాఫీ అడిగి తాగిన ఆ కుర్రవాణ్ణి, నన్నే, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న సాయంత్రాలు ఆ తర్వాత నాకు ఎక్కువ లేవు.