కారు బొగ్గులకు మడి

మొన్న కార్తీక బహుళ తదియ, ఆదివారం, పగలు పది గంటల ఇరవై నిమిషాలకు, ఎత్తిపోతల దగ్గర, నిక్షేపంలాంటి మోటారుకారు ప్రాణం తీశాను నేను! ఒక్క చెంబు, ఒక్క బిందె, అంతే ఆయుధాలు. గంట ఎంతయిందో అంత కచ్చితంగా ఎలా తెలుసంటారా? మావారు జేబుగడియారం తీసి చూసి, "పదీ ఇరవై అయింది, ఇంకా పొయ్యి రాజలేదా?" అని అడిగింది సరిగ్గా అప్పుడే. ఆ మాటే కొంప ముంచింది. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురంలో వంట ఆలస్యమైందని ఎవరిచేతా అనిపించుకోలేదు మరి!

ఉండండి, మొదటినుంచీ చెప్తాను.

మా మరిది రామం, తోడికోడలు విమల మద్రాసులో ఉంటారు. యుద్ధం రోజులు కదా, పెట్రోలుకు కూపన్లాయె. అవి చాలక రామం తన కారుకు బొగ్గు యంత్రం పెట్టించాడు. గ్యాసు ప్లాంటు అంటారట దాన్ని. రెండు రోజులు ప్రయాణం చేసి గురజాలలో మా గుమ్మం ముందు ఆగితే వీధి వీధంతా వచ్చి చూసింది. కారు వెనకాల నిలువెత్తు ఇనుప పీపా, దానికి గొట్టాలు, మూతలు! మా ఇంట్లో నీళ్ళు కాచే బాయిలరుకు పెద్దన్నలా ఉంది.

నాకేమో ఏ వస్తువు చూసినా దాని సంగతి పూర్తిగా తెలుసుకునేదాకా మనసు ఊరుకోదు. చుట్టూ మూడుసార్లు తిరిగాను, ప్రదక్షిణం చేసినట్టు.

"రామం, ఇది నిజంగా బొగ్గు తింటుందా?"

"తింటుంది వదినా. కింద నిప్పు పెడితే బొగ్గులోంచి గ్యాసు పుడుతుంది. అది గొట్టం వెంట ఇంజనుకు పోతుంది."

"మరి బూడిద?"

"కింద చిన్న తలుపుంది, తీసి దులిపేస్తాం."

"ఆ బూడిద అంట్లకు పనికొస్తుందా?"

విమల చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

వచ్చిన మర్నాడే, "వదినా, ఆదివారం పిక్నిక్కు పోదాం" అన్నాడు. పట్నంలో ఆదివారం వస్తే చాలట, ఉన్నవాళ్ళంతా కారేసుకుని ఊరు దాటి, ఎక్కడో చెట్టు కింద కూర్చుని, తెచ్చుకున్నది తిని, సాయంత్రానికి ఇల్లు చేరతారట.

"అక్కడ ఏ దేవుడుంటాడు?" అన్నాను.

"దేవుడుండడు వదినా. గాలి ఉంటుంది."

"గాలి మన వీధిలో లేదా?"

మావారు కలగజేసుకుని, "అది కాదే, కార్తీకమాసం కదా, వనభోజనం అనుకో. ఎత్తిపోతల చూసినట్టూ ఉంటుంది, దత్తాత్రేయుల గుడికి వెళ్ళినట్టూ ఉంటుంది" అన్నారు. అట్లా చెప్తే నాకు అర్థమైంది. కానీ ఒక్క షరతు పెట్టాను. చుక్క పొడిచేలోగా ఇంట్లో ఉండాలి.

ఎందుకంటే మా ఇంట్లో ఒక పద్ధతుంది. కార్తీకం ముప్ఫై రోజులూ, చుక్క పొడిచేలోగా, ఈ ఇంటి కోడలు చేతిమీదుగా తులసికోట దగ్గర దీపం వెలగాలి. మా అత్తగారి అత్తగారి నాటినుంచీ ఒక్క పూట తప్పలేదు. ఒక ఏడు అత్తగారు చలిజ్వరంతో వణికిపోతూ గోడ పట్టుకుని వచ్చి దీపం పెట్టడం నేను కళ్ళారా చూశాను. ఆవిడ పోయేముందు నా చెయ్యి పట్టుకుని నగల మాట చెప్పలేదు, పొలం మాట చెప్పలేదు. "దీపం" అంది, అంతే. నాకు వీలుకాని మూడు రోజులూ పక్కింటి పినత్తగారు, ఆవిడా ఈ ఇంటి కోడలే కదా, వచ్చి పెట్టేది. ఈ ఏడు ఆవిడ కాశీ వెళ్ళింది. "ఇక నేను తప్ప దిక్కు లేదు రామం, గుర్తుంచుకో" అని మరీ మరీ చెప్పాను. విమల పక్కనే నిలబడి వింటోంది.

"నాలుగున్నరకల్లా నిన్ను తులసికోట ముందు దింపుతాను వదినా, సరేనా?" అన్నాడు రామం.

మా దారులు తెలిసిన మనిషి కావాలని మస్తాన్ని వెంటబెట్టుకున్నాం. మస్తాను మా వీధి చివరి షెడ్డులో ఉంటాడు. గురజాల నుంచి మాచర్లకు బొగ్గు బస్సు నడుపుతాడు కాబట్టి ఈ యంత్రాల గుట్టు అతనికి తెలుసు. తెల్లారగట్లే పీపా నిండా బొగ్గు పోసి, కింద రాజేసి, విసనకర్రలాంటి దాన్ని గిరగిరా తిప్పాడు. పావుగంటకు కారు దగ్గింది, తుమ్మింది, కదిలింది. వెనక, వాళ్ళు మద్రాసు నుంచి తెచ్చుకున్న పెద్ద బొగ్గుల గోతాం కట్టారు. అదెందుకని అడుగుదామనుకుంటూనే ఉన్నాను, ఈలోగా రెంటచింతల రావడం, ఆ రాళ్ళదారిలో పులిహోర గిన్నె నా ఒళ్ళోకి ఎగరడం... అడగడం మరిచిపోయాను. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఇంత కథ లేదు.

ఎత్తిపోతల చేరాం. ఆ నీళ్ళ హోరుకు పక్కమనిషి మాట వినపడదు. మస్తాను గోతాం దించి కారు పక్కన పెట్టి, "మళ్ళీ పోయేటప్పుడు చూసుకుందాం" అని నీడన పడుకున్నాడు. నేను వాగులో స్నానం చేసి, మడి కట్టుకుని, ఉసిరిచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వేశాను. నైవేద్యానికి పొంగలి. పుల్లలన్నీ మంచుకు తడిసి ఉన్నాయి. పొగే గానీ మంట లేదు! కళ్ళు మండుతున్నాయి. అప్పుడే మావారు గడియారం తీసి ఆ మాట అన్నారు.

నీళ్ళ దగ్గర కాళ్ళు తడుపుకుంటున్న రామం వైపు చూసి, "నాయనా, బొగ్గులు ఉన్నాయి కదా, వాడుకోనా?" అని అరిచాను. అరిచానంటే నా అరుపు మీకు తెలుసుగా, పక్క గదిలోకి కూడా వినపడదు.

మూడోసారికి గానీ అతనికి అందలేదు. చెయ్యి ఊపి, "నాలుగు తీసుకో వదినా!" అని కేకేశాడు.

నాలుగే కావాలి నాకూ. కానీ ఎట్లా తీసుకోను? ఆ గోతాం మద్రాసులో ఎవరు కట్టారో, ఎన్ని ఊళ్ళలో ఎందరు ముట్టుకున్నారో! చెప్పులకాళ్ళ దగ్గర రెండు రోజులు ప్రయాణం చేసింది. ముడితే నా మడి పోతుంది. మా ఇంట్లో అయితే బొగ్గుల బస్తా రాగానే నీళ్ళు పోసి కడిగి, ఎండలో ఆరబోసి, మడిబొగ్గులు వేరే డబ్బాలో పోసుకుంటాం. సరే, అదే చేస్తే పోతుందనుకున్నాను.

పైనుంచి ఒక బిందె పోశాను. నల్లటి నీళ్ళు కారాయి. ఇంకో బిందె. ఇంకా నల్లగానే ఉన్నాయి. తెల్లటి నీళ్ళు వచ్చేదాకా కడగడం నాకు అలవాటు. పప్పయినా అంతే, బియ్యమైనా అంతే. ఏడు బిందెలు పోశానండీ! బొగ్గుకు తెల్లనీళ్ళు ఎప్పుడొస్తాయి?

పైపైన నాలుగు గుప్పెళ్ళు తీసి, పొయ్యి అంచున ఆరబెట్టి, రాజేసుకున్నాను. పొంగలి మాత్రం, నేను చెప్పుకోకూడదు గానీ, అమృతం. నైవేద్యం పెట్టాం, భోజనాలు చేశాం, విమల చెట్టుకానుకుని ఒక కునుకు కూడా తీసింది. పిక్నిక్కు అంటే ఇదా, బాగానే ఉందే, అనుకున్నాను.

రెండున్నరకు మస్తాను లేచి గోతాం దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి పెట్టాడు. తీశాడు. చేతిని చూసుకున్నాడు. గోతాం కింద చిన్న మడుగు కట్టి ఉంది, దాన్నీ చూశాడు.

"ఏందమ్మా ఇది? వాన పడ్డదా ఏంది?"

"వాన కాదు నాయనా, నేనే కడిగాను."

"బొగ్గుని?"

"మడికి కదా."

"బొగ్గుని కడిగారా?" అని మళ్ళీ అడిగాడు. మూడోసారి అడగబోయి అక్కడే చతికిలబడ్డాడు.

రామం పరుగెత్తుకొచ్చాడు. "వదినా! అది కారుకు తిరుగు ప్రయాణం బొగ్గు!"

నేను నిజంగా ఆశ్చర్యపోయాను. "పొద్దున తిన్నదిగా! మళ్ళీ తింటుందా? కార్తీకమాసమని నేనే ఒంటిపూట ఉంటున్నానే, ఇంత ఇనుప శరీరం, సాయంత్రం దాకా ఆగలేదా?"

మావారు అటు తిరిగి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకుని కంగారుపడ్డాను. కాదు.

తడిబొగ్గు పోస్తే ఏమవుతుందని మస్తాన్ని అడిగాను. "ఆవిరి వస్తదమ్మా, గ్యాసు రాదు. ఇడ్లీలు ఉడుకుతయి, కారు కదలదు" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది దీపం. ఇంటికి తాళం, తాళంచెవి నా బొడ్డున. ముప్ఫై మైళ్ళ దూరం. నా ముఖం చూసి మావారు నవ్వడం మానేశారు. అప్పటికప్పుడు జంపఖానా, దుప్పటి, మావారి ఉత్తరీయం, అన్నీ బండల మీద పరిచి బొగ్గులు ఆరబోశాం. ఎండవైపుకు తిప్పడం, కొంగుతో విసరడం, పెద్దవాటిని రాయితో చిన్నవి చేయడం! మడీ లేదు, గిడీ లేదు, మోచేతులదాకా నల్లబడ్డాను. విమలను మాత్రం ముట్టుకోనివ్వలేదు. పట్నం పిల్ల, పట్టుచీర, దానికేం తెలుసు పాపం, అనుకున్నాను.

మూడుంబావుకు మస్తాను, "ఇంక ఆగితే పొద్దు గూకుద్దమ్మా. ఆరిందాంతో పోదాం, ఎందాకా పోతే అందాకా" అన్నాడు. ఆరింది సగమే. ఆరని సగం మళ్ళీ గోతాంలోకి పోయింది.

కారు బయల్దేరింది. ఎక్కడ చిన్న ఎత్తు వచ్చినా మేము దిగడం, అది ఎక్కడం, మళ్ళీ మేము ఎక్కడం. మాచర్ల దాటాం. రెంటచింతల దాటాం. సూర్యుడు మాకంటే వేగంగా పోతున్నాడు. గురజాల ఇంకా రెండు మైళ్ళుందనగా కారు ఒక్కసారి నిట్టూర్చి ఆగిపోయింది.

దేవుడు పంపినట్టు వెనకాల ఒక ఖాళీ ఎద్దుబండి వస్తోంది. మాచర్లలో సున్నం దించి పిడుగురాళ్ళ తిరిగి పోతున్నాడట. పేరు కోటయ్య.

"ఎక్కండమ్మా. ఎడ్లు ఇంటిమొహం పట్టినయి, ఉరుకుతయి. కింద సున్నం దుమ్ముంటది, చూసుకోండి."

విమలను కోటయ్య పక్కన పలక మీద కూర్చోబెట్టి నేను వెనక తొట్టిలో కూలబడ్డాను. మగవాళ్ళు కారు దగ్గర ఉండిపోయారు. అబ్బ, ఏం పరుగండీ ఆ ఎడ్లది! ప్రతి కుదుపుకూ సున్నం లేచి నామీద పడుతోంది. ఇల్లు చేరేసరికి చేతులు బొగ్గు, తల సున్నం. వీధిలో మా ఎదురింటావిడే నన్ను చూసి, "ఎవరు కావాలమ్మా?" అంది.

తాళం తీసి పరుగున నూతి దగ్గరికి వెళ్ళి చేద అందుకున్నాను. రెండు చేదలు నెత్తిన కుమ్మరించుకుని, తడిబట్టతో దీపం పెట్టేద్దామని.

గుమ్మంలోంచి కోటయ్య కేక. "అమ్మా! నీళ్ళు పోసుకోబాకండి! అది నీళ్ళు తగలని సున్నం. ఒంటిమీద ఉడుకుద్ది, బొబ్బలెక్కుతయి! చానాసేపు దులుపుకుని అప్పుడు పోసుకోండి!"

చేద పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. పడమట ఎరుపు కూడా పోతోంది. చిన్నప్పటినుంచీ దేనికైనా నీళ్ళే శుద్ధి అని నమ్మినదాన్ని! ఒకే రోజున నీళ్ళు నన్ను రెండుసార్లు వెక్కిరించాయి. కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవి కూడా తుడుచుకోవడానికి భయమేసింది, సున్నం చేతులు కదా.

"అక్కయ్యా, నేను పెట్టకూడదా?"

విమల.

"నువ్వా?"

"నేనూ ఈ ఇంటి కోడల్నే కదా."

మెల్లిగానే అంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. తాతల పేర్లూ, తద్దినాల తిథులూ, ఎవరి పురుడు ఎప్పుడో, ఇంటి సంగతులన్నీ జ్ఞాపకం ఉంచుకునేది నేనే అని నాకు పేరు. ఆ ఒక్క సంగతి మాత్రం ఎట్లా మరిచిపోయానో!

నేను తలూపేలోగానే పట్టుచీరతో సహా రెండు చేదలు కుమ్మరించుకుంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. తడిచేతులకు మొదటి అగ్గిపుల్ల వెలగలేదు. రెండోదీ లేదు. నేను దూరంగా నిలబడి, "వత్తి ఇంకాస్త పైకి లాగు! గాలికి అడ్డం కూర్చో! అయ్యో, అటు కాదే!" అంటున్నాను. మూడోది వెలిగింది. దీపం నిలబడింది. తలెత్తి చూస్తే, అప్పుడు పొడిచింది చుక్క.

విమల చీర పిండుకుంటోంది, నేను సున్నం దులుపుకుంటున్నాను. ఇంకాసేపటికి మస్తాను కారు దగ్గర్నుంచి నడిచొచ్చి, ఊళ్ళో కమ్మరిని అడిగి నాలుగు తట్టల బొగ్గు పట్టుకెళ్ళి కారును ఇల్లు చేర్చాడు.

మర్నాడు పొద్దున్నే స్నానాలూ, పూజా కాగానే ఇంటిల్లిపాదీ మిద్దె ఎక్కాం. ఆరని సగం గోతాం మిగిలింది కదా, అది ఆరితేగానీ వాళ్ళు మద్రాసు బయల్దేరలేరు. రామం చాపలు పరిచాడు. విమల బొగ్గులు ఒక్కొక్కటీ ఎడంగా పేర్చింది. మావారు గడియారం పట్టుకుని కుర్చీలో కూర్చుని, "ఇప్పుడు తిప్పండి" అని పది నిమిషాలకొకసారి ఆజ్ఞ వేశారు. నన్ను మాత్రం దేన్నీ ముట్టుకోవద్దన్నారు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు కదా, ఒక కర్ర పట్టుకుని చాప పక్కన కాపలా కూర్చున్నాను.

ఎండ ఎక్కాక మస్తాను వచ్చి కిందనుంచే అడిగాడు. "ఏందమ్మా, ఆ కర్ర?"

"కాకులు వాలకుండా తోలుతున్నాను నాయనా."

"కాకులు బొగ్గులు తింటయా అమ్మా?"

అప్పటికి గంటన్నర నుంచీ తోలుతున్నాను.