దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీకి నవ్వించడానికి వెళ్లాను

నేను హాస్య ప్రసంగాలు చేస్తాను. గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతూ, సెలవు రోజుల్లో డాక్టర్ల సదస్సులకీ, బ్యాంకు ఉద్యోగుల సమావేశాలకీ, అపార్టుమెంట్ల వేడుకలకీ వెళ్లి ఓ గంట నవ్వించి వస్తాను. ఈ మార్చిలో దాచేపల్లి దగ్గరున్న ఒక సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది. భద్రతా వారోత్సవాల ముగింపు సభ, కార్మికులూ వాళ్ల కుటుంబాలూ వస్తారు, సరదాగా మాట్లాడాలి అన్నారు. ఫ్యాక్టరీలో ఎప్పుడూ మాట్లాడలేదు కాబట్టి ఉత్సాహంగానే ఒప్పుకున్నాను. నాలాగా ఇలాంటి సభలకు వెళ్లేవాళ్లకూ, నాలాంటివాళ్లను పిలిచేవాళ్లకూ పనికొస్తుందని ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున్నే ఫ్యాక్టరీ వాళ్లే కారు పంపారు. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా దాచేపల్లికి రెండు గంటల దారి. ఎండ ముదరకముందే బయల్దేరితే హాయిగా ఉంటుంది. ఊరు దాటగానే రోడ్డుకి రెండు వైపులా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. కారు అద్దాలు ఎత్తినా ఘాటు ఆగలేదు. పత్తి తీసేసిన చేలల్లో కట్టె ఇంకా అలాగే నిలబడి ఉంది. డ్రైవరు పేరు సుభానీ, నలభై ఏళ్లుంటాయి.  సత్తెనపల్లి బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో టిఫినుకి ఆగాం. ఇడ్లీ మెత్తగా ఉంది, కారప్పొడి బాగుంది, ఇద్దరికీ కలిపి వంద రూపాయలు దాటలేదు.

"మీరు కామెడీ చెప్తారంటగా మేడం గారూ," అన్నాడు సుభానీ, ప్లేటు వైపే చూస్తూ.

"అవునండీ, ఏదో ప్రయత్నిస్తాను."

"ఇవాళ ఎవరూ నవ్వరండి. మనిషి పోయి నెల కూడా కాలా."

ఏసోబు అనే కాంట్రాక్టు కార్మికుడట. రాళ్లు మోసే బెల్టు మీద ఏదో ఇరుక్కుంటే తీయడానికి ఎక్కాడు. బెల్టు ఆపలేదు. లాగేసింది. "తాగి ఎక్కాడని పైవాళ్లు చెప్తన్నారు. ఆయన తాగడండి. చర్చిలో ఆదివారం పాటలకి డోలు వాయించేది ఆయనే," అన్నాడు సుభానీ. బిల్లు కట్టి కారెక్కాక మళ్లీ అన్నాడు, "నేను చెప్పానని మాత్రం అనమాకండి."

పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల పొగ రోడ్డు మీదికి కమ్ముకుంది. చెట్ల ఆకులు తెల్లగా ఉన్నాయి. ఆస్తమా ఉన్నవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకోవడం మంచిది. నేను ఫోనులో రాసుకున్న ప్రసంగం తీసి చూసుకున్నాను. సగం హెల్మెట్ మీద జోకులే. హెల్మెట్ పెట్టుకుంటే భార్య తిట్లు వినపడవని భర్త సంతోషించే జోకు ఒకటుంది. ఎక్కడ చెప్పినా దానికి హాలు ఊగిపోతుంది. ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోతే చివరికి నమస్కారం తప్ప ఏమీ మిగల్లేదు.

గేటు దగ్గర హెచ్‌ఆర్ ఆఫీసరు ఎదురొచ్చాడు. మర్యాదస్తుడైన కుర్రవాడు. కాఫీ ఇప్పించి, "చిన్న సంఘటన జరిగింది మేడం. అందరూ కొంచెం దిగులుగా ఉన్నారు. అందుకే మిమ్మల్ని పిలిచాం," అన్నాడు.

"ఆ కుటుంబం కూడా వస్తోందా?"

"ముందు వరసలోనే కూర్చుంటారు. మీ ప్రసంగం కాగానే ఆవిడకి కుట్టు మిషను ఇస్తాం. మీరు ఆ హెల్మెట్ జోకు మాత్రం తప్పకుండా చెప్పండి మేడం, అది వీడియోలో చూసే మా మేనేజరు గారు మిమ్మల్ని అనుకున్నారు."

సభ మొదలయ్యేదాకా నన్ను ఒక గదిలో కూర్చోబెట్టారు. అందులోనే ఒక మూల తెల్లచీరలో ఒకావిడ, పక్కన స్కూలు యూనిఫాంలో పదేళ్ల పిల్ల ఉన్నారు. అడగకుండానే అర్థమైంది. ఆవిడ పేరు మార్తమ్మ. మిర్చి కోతల కూలికి వెళ్తుంది.

"నవ్వించేది మీరేనామ్మా?" అని అడిగింది.

 అవునని తల ఊపాను.

"ముందర కూచోమన్నారు. నవ్వు రాకపోయినా మొహం దించుకోవద్దన్నారు, ఫోటోలు తీస్తారంట." పిల్ల తల నిమిరింది. "స్కూల్లో దీన్ని తాగుబోతు కూతురంటన్నారమ్మా. మిషను ఇవ్వకపోయినా పర్లేదు, తాగి ఎక్కాడన్న ఆ మాట తీసెయ్యండని సార్లని అడిగా. ఎవరూ పలకలా. మీ చేతికి మైకిస్తారు కదా. ఆయన తాగొచ్చాడా అని ఒక్క ముక్క అడగండమ్మా."

"నేనేం చూడలేదు కదమ్మా, ఏమని అడగను?"

"చూసినోళ్లు అక్కడే కూచుని ఉంటారు," అంది.

షామియానా కింద మూడు నాలుగు వందల మంది ఉన్నారు. పసుపు హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను హాస్యం పండించే అమ్మగా పరిచయం చేసి చప్పట్లు కొట్టమన్నారు. కొట్టారు. వెళ్లి మైకు ముందు నిలబడ్డాను. 

"నన్ను నవ్వించడానికి పిలిచారు," అన్నాను. "ఈ చోట ఈ నెలలో నేను ఆ పని చేయలేను. నాకిచ్చిన గంట ఏసోబు గారికి ఇస్తున్నాను. ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు ఆయన ఎలాంటి మనిషో ఒక్క మాట చెప్పండి. వాళ్ల పాప వింటుంది."

 పక్కన మేనేజరు గారు హెచ్‌ఆర్ అబ్బాయి వైపు చూశారు. ఇక దిగిపోదామనుకుంటుండగా మధ్య వరసలోంచి నెరిసిన జుట్టున్న ఒకాయన లేచాడు. పేరు నాగేశ్వరరావని తర్వాత తెలిసింది. ఆయన దగ్గరికి మైకు ఎవరూ తీసుకెళ్లలేదు. గట్టిగానే మాట్లాడాడు.

"ఆరేళ్లు కలిసి చేశాం. ఆ పొద్దున నేనూ ఏసోబూ ఒక్కచోటే టీ తాగాం. అతను తాగి రాలా. బెల్టు ఆపమని అతనూ అడిగాడు, నేనూ అడిగా. ఆపలా."

వెనకనుంచి ఇంకెవరో "నిజమే" అన్నారు. ఆడవాళ్ల వైపునుంచి కూడా ఒక గొంతు వచ్చింది. అంతలో మైకు మూగబోయింది. కరెంటు సమస్యని ఎవరో చెప్పారు, ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత మైకు బాగైంది, మేనేజరు గారు నా ప్రసంగానికి కృతజ్ఞతలు చెప్పి మార్తమ్మను స్టేజీ మీదికి పిలిచారు. ఆవిడ వెళ్లి మిషను తీసుకుంది. ఫోటోలు తీశారు.

నన్ను భోజనానికి ఎవరూ పిలవలేదు. కారు వేరే పని మీద వెళ్లిందని చెప్పారు. గేటు బయట ఎండలో నిలబడి ఉంటే మార్తమ్మ వాళ్ల ఆటో ఆగింది. మా మధ్య కుట్టు మిషను, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆ పిల్ల. దాచేపల్లి బస్టాండు దాకా మార్తమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. పిల్ల మాత్రం నెమ్మదిగా చెప్పింది, "మా క్లాసు జ్యోతి వాళ్ల నాన్న కూడా అక్కడే కూచున్నాడు. ఆయన కూడా విన్నాడు."

దాచేపల్లి నుంచి గుంటూరుకు ఎక్స్‌ప్రెస్ బస్సులు బాగానే ఉన్నాయి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు లేదు. కిటికీ పక్కన కూర్చున్నానే గానీ దారిలో ఏం చూశానో గుర్తు లేదు.

పది రోజులయ్యాక సుభానీ ఫోను చేశాడు. నాగేశ్వరరావుకు ఫ్యాక్టరీ గేట్ పాస్ మళ్లీ ఇవ్వలేదట, పని పోయింది. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోస్తున్నాడని చెప్పాడు. మర్నాడు వెళ్లాను. బస్తాల వరసల మధ్య తుమ్ముతూ, దగ్గుతూ వెతికితే కనిపించాడు. తలకు తువ్వాలు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కాలేజీలో అటెండరు పని ఏమైనా దొరుకుతుందేమో కనుక్కుంటానన్నాను. దొరక్కపోవచ్చని కూడా చెప్పాను. 

"మీరు అడక్కపోతే నేను లేచేవాణ్ణి కాదండి," అని మాత్రం అని, మళ్లీ బస్తా ఎత్తుకున్నాడు.

ఆ మాట నన్ను నిష్ఠూరమాడినట్టా, మెచ్చుకున్నట్టా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కాలేజీలో పని ఇంకా దొరకలేదు. ఆ సభ తర్వాత రెండు కంపెనీలు నా కార్యక్రమాలు రద్దు చేసుకున్నాయి. దానికి పెద్దగా బాధ లేదు, నాకు కాలేజీ జీతముంది. నేను అడిగి బస్సెక్కి వచ్చేశాను, జవాబు చెప్పినాయన ఆ రోజు అక్కడే ఉండిపోయాడు. మార్తమ్మ అడిగింది అడగకుండా హెల్మెట్ జోకు చెప్పి వచ్చేసి ఉంటే నాగేశ్వరరావుకు పని ఉండేది, ఆ పిల్ల తాగుబోతు కూతురిగానే ఉండేది. మళ్లీ ఆ స్టేజీ ఎక్కితే ఏం చేస్తానని నన్ను నేనే అడుగుతాను. అదే చేస్తాననిపిస్తుంది, కానీ నిద్ర పట్టదు.

ఇలాంటి సభలకు వెళ్లేవాళ్లకు ఒకటే సలహా. ఎంతసేపు మాట్లాడాలి, ఎంత ఇస్తారు అని అడిగేముందు, ముందు వరసలో ఎవరు కూర్చుంటారో అడగండి. వాళ్లు చెప్పేదాకా ఒప్పుకోకండి.