అన్ని పూలకూ పెళ్ళి

అంతలాహా ఊరికి పైనున్న కొండవాలులో జఫీసువా అనే ఆవిడ వెనిల్లా పూలకు పెళ్ళిళ్ళు చేసే మనిషి. ఆ పువ్వు తెల్లారుతూనే విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. పుప్పొడి పైన, దాన్ని అందుకునే జిగురు చోటు కింద, రెంటికీ మధ్య చిన్న పొర అడ్డం. మా తేనెటీగలు ఎంత గింజుకున్నా ఆ అడ్డు తీయలేవు. నిమ్మముల్లుతో పొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని కిందికి నొక్కాలి. అదే పెళ్ళి. పెళ్ళయిన పువ్వు కాయ కడుతుంది, కానిది ఒకటి రెండు రోజుల్లో రాలిపోతుంది.

గుత్తికి ఇరవై పూలున్నా జఫీసువా ఎనిమిదికి మించి ముట్టుకునేది కాదు.

"ప్రతి కాయా తల్లిని పీల్చుకునే పెరుగుతుంది. అన్నిటికీ చేశామంటే తల్లి చస్తుంది," అనేది.

తోట వాళ్ళమ్మ నాటింది. ఆమె పోయాక పంట ఒక ఏడాది అక్కకు, మరుసటి ఏడాది తమ్ముడు వెలుంజారాకు. వంతు ఎవరిదైనా పెళ్ళిళ్ళు చేసేది అక్కే, గుత్తికి ఎనిమిదే.

తమ్ముడి వంతు వచ్చిన ఏడాది, సరిగ్గా పూల నెలలో, ఆమె మలేరియాతో ఆసుపత్రి పాలయింది.

"నువ్వు నిశ్చింతగా పడుకో అక్కా, నేను లేనూ!" అన్నాడు వెలుంజారా. తోడబుట్టినవాడు కదా, నమ్మింది.

నాలుగు వారాల తర్వాత కర్ర పట్టుకుని తోటలోకి వెళ్ళింది. మొదటి గుత్తిలో పందొమ్మిది కాయలు. పక్కదానిలో ఇరవై రెండు. తోట మొత్తంలో ఒక్క పువ్వునూ వదల్లేదు. కంచే చేను మేసింది. ఆమె ఒక కాయ గిల్లింది.

"ఏయ్, ముట్టుకోకు!" వెనకనుంచి తమ్ముడు.

"తీగలు చస్తాయిరా. సగం గిల్లేస్తే బతికిపోతాయి."

"ఈసారి పంట నాది. ఇంకొక్కటి గిల్లావో, వెనిల్లా దొంగవని పెద్దల ముందు నిలబెడతా."

మా కొండల్లో ఆ మాట పడడం కన్నా చావు నయం.

"నీ బొటనవేలు పట్టుకుని నేర్పింది నేనేరా! ఎనిమిది చాలని చెప్పలేదూ?"

"చెప్పావులే. వచ్చే ఏడు నీ వంతేగా, నువ్వు చేసుకో పొదుపు."

జఫీసువా చెయ్యి దించేసింది. పరాయివాడైతే శాపనార్థాలు పెట్టి ఊరుకునేది. వీడికి పెట్టడానికి నోరు రాలేదు, ఆ రాకపోవడమే ఆమెను ఎక్కువ మండించింది.

వానలు వచ్చేసరికి ఆకులు పసుపెక్కాయి. కోతలు అయ్యేసరికి తీగలు వరసగా ఎండిపోయాయి. మళ్ళీ పూల నెల వచ్చింది, ఆమె వంతు వచ్చింది. తోటంతా తిరిగితే ఒకే ఒక్క తీగ పచ్చగా ఉంది, దానికి మూడు పూలు. ఏడాదంతటికీ ఆమె పంట అదే. ఎండ నెత్తికెక్కి అవి వాడిపోయేదాకా పక్కనే కూర్చుంది. ఒక్కదానికీ పెళ్ళి చేయలేదు. ఆ తీగైనా బతకాలి కదా.